మెప్పు వేరు, మెప్పుకు తగడం వేరు: ‘లాడబుల్’ అనే ఇంగ్లీషు విశేషణం

‘లాడబుల్’ అనే ఇంగ్లీషు విశేషణానికి నిఘంటువులు చెప్పే అర్థం చిన్నది: ప్రశంసకు తగినది, మెచ్చుకోదగ్గది. తెలుగులో శ్లాఘనీయం, ప్రశంసనీయం, అభినందనీయం, స్తుత్యం వంటి మాటలు దీనికి చక్కగా సరిపోతాయి కనుక, పోటీ పరీక్షలకు చదువుకునేవారు దీన్ని పర్యాయపదాల పట్టికలో ఒకటిగా కంఠస్థం చేసి ముందుకు వెళ్లిపోతారు. సంపాదకీయాల్లోనో కోర్టు తీర్పుల్లోనో ఎదురైనప్పుడు అదొక మర్యాదపూర్వకమైన పొగడ్త అనుకుని ఊరుకుంటారు. కానీ ఆ చిన్న అర్థంలోనే రెండు వేర్వేరు సంగతులు ఒదిగి ఉన్నాయి. ఒక పనిని లోకం మెచ్చుకోవడం ఒక సంగతి, లోకం మెచ్చినా మెచ్చకపోయినా ఆ పని మెప్పుకు తగి ఉండడం మరొక సంగతి. లాడబుల్ అనే మాట తన నిర్మాణాన్ని బట్టి చెప్పవలసింది రెండోదాన్ని. వాడుకలో మాత్రం అది పదే పదే మొదటిదాని వైపు జారుతూ వచ్చింది. ఆ జారుడు కొన్నిసార్లు ప్రాణాలనే బలిగొన్నది కాబట్టి, ఈ మాట చరిత్ర భాషాభిమానులకు మాత్రమే పరిమితమైన విషయం కాదు.

దీనికి మూలం లాటిన్‌లోని ‘లౌస్’ అనే నామవాచకం, ‘లౌదారే’ అనే క్రియ. మొదటిదానికి ప్రశంస అనీ, రెండోదానికి ప్రశంసించడం అనీ అర్థం. ఆ క్రియకు యోగ్యతను తెలిపే ప్రత్యయం చేరి ‘లౌదాబిలిస్’ అనే విశేషణం పుట్టగా, 15వ శతాబ్దపు తొలినాళ్లకు అది ఇంగ్లీషులో లాడబుల్‌గా స్థిరపడింది. ఇదే కుటుంబానికి చెందిన ‘లాడ్’ అనే క్రియ మామూలు సంభాషణలో అరుదుగా వినిపించినా, మన దేశపు ఇంగ్లీషు పత్రికలకు అది ఎంతో ఇష్టమైనది. శీర్షికలో చోటు ఇరుకు కనుక, మంత్రి ఎవరినైనా మెచ్చుకున్నప్పుడు పొడుగు క్రియలకు బదులు పొట్టిగా ‘లాడ్స్’ అని వేస్తారు. కాథలిక్ సంప్రదాయంలో ఉదయపు ప్రార్థనకు ‘లాడ్స్’ అనే పేరు ఉంది. కీర్తనల గ్రంథంలో 148 నుంచి 150 వరకు ఉన్న చివరి మూడు కీర్తనలను ఆ ప్రార్థనలో పాడేవారు, వాటిలో స్తుతించమనే పిలుపు మళ్లీ మళ్లీ వస్తుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు పిల్లల పట్టభద్రోత్సవాల్లో వినే ‘కుమ్ లౌదే’ అనే మాట కూడా ఇదే ధాతువు నుంచి వచ్చింది, దానికి ప్రశంసతో కూడిన ఉత్తీర్ణత అని అర్థం. హార్వర్డ్ కళాశాలలో 1869లో మొదలైన ఈ గౌరవ శ్రేణులు 1880 నాటికి ప్రశంస, గొప్ప ప్రశంస, అత్యున్నత ప్రశంస అనే మూడు మెట్లుగా రూపు దిద్దుకున్నాయి.

ధ్వనిసామ్యం వల్ల చాలామంది ‘అప్లాడ్’ను కూడా ఈ కుటుంబంలో చేర్చుతారు, అది పొరపాటు. అప్లాడ్ అనే క్రియ చప్పట్లు కొట్టడం అనే అర్థమున్న ‘ప్లౌదెరే’ అనే వేరే లాటిన్ క్రియ నుంచి వచ్చింది. ఆ క్రియ నుంచే వచ్చిన ‘ప్లాజిబుల్’ అనే విశేషణం 16వ శతాబ్దంలో చప్పట్లకు తగినది అనే అర్థంలో నడిచి, కాలక్రమంలో పైకి నమ్మశక్యంగా కనిపించేది అనే అర్థానికి దిగివచ్చి, ఇవాళ లోపల ఏదో లొసుగు ఉందనే అనుమానాన్ని కూడా వెంటబెట్టుకుని తిరుగుతోంది. చప్పట్లు అందుకున్న ప్రతిదీ చప్పట్లకు తగినది కాదని జనం అనుభవంతో గ్రహించిన కొద్దీ ఆ మాట విలువ తగ్గిందని ఊహించడానికి ఆస్కారముంది. లాడబుల్ అంత దూరం పడిపోలేదు గాని, దాని ప్రయాణమూ నిలకడైనది కాదు.

ప్రశంసకూ సత్యానికీ మధ్య ఎడం ఎంత ఉండగలదో రోమన్లకు బాగా తెలుసు. గొప్ప కుటుంబాల్లో ఎవరైనా మరణిస్తే, వారి బంధువు నగరం నడిబొడ్డున నిలబడి చేసే ప్రసంగాన్ని వారు ‘లౌదాతియో ఫునెబ్రిస్’ అనేవారు, అంటే అంత్యక్రియల ప్రశంస అన్నమాట. క్రీ.పూ. 69లో తన మేనత్త జూలియా చనిపోయినప్పుడు జూలియస్ సీజర్ చేసిన ప్రసంగం వీటిలో పేరుమోసింది. ఆమె వంశం ఒకవైపు రాజులదాకా, మరోవైపు వీనస్ దేవతదాకా వెళ్తుందని చాటుతూ ఆయన తన వంశ ప్రతిష్ఠను కూడా చాటుకున్నాడు. ఇటువంటి ప్రసంగాల వల్ల రోము చరిత్రలో అబద్ధాలు చేరిపోయాయని, జరగని విజయోత్సవాలు జరిగినట్టుగా, లేని చుట్టరికాలు ఉన్నట్టుగా నమోదయ్యాయని సిసెరో క్రీ.పూ. 46లో రాసిన ‘బ్రూటస్’ అనే గ్రంథంలో నిర్మొహమాటంగా ఒప్పుకున్నాడు. మన శాసనాల్లోని ప్రశస్తి భాగాలను చదివేటప్పుడు చరిత్రకారులు పాటించే జాగ్రత్త కూడా ఇటువంటిదే. దానం వివరాలను నమ్మినంత సులువుగా వారు రాజు దిగ్విజయ వర్ణనను నమ్మరు.

మాట నిర్మాణంలోనే ఉన్న చిక్కును ఇక్కడ విప్పి చూడాలి. ఇంగ్లీషులో ‘ఏబుల్’, ‘ఇబుల్’ అనే ప్రత్యయాలు రెండు పనులు చేస్తాయి. ‘విజిబుల్’ అంటే కంటికి కనిపించడానికి వీలైనది, ‘ఆడిబుల్’ అంటే చెవికి వినిపించడానికి వీలైనది. ఇక్కడ ప్రత్యయం సాధ్యతను చెబుతోంది. ‘లాడబుల్’ అంటే మాత్రం మెచ్చుకోవడానికి వీలైనది అని కాదు, ఎందుకంటే నోరున్నవాడు దేన్నైనా మెచ్చుకోగలడు. మెచ్చుకోవడానికి తగినది అని అర్థం, అంటే ఇక్కడ ప్రత్యయం యోగ్యతను చెబుతోంది. ఒకే తోక రెండు పనులు చేయడం వల్ల ఎంత పెద్ద తాత్త్విక వివాదం రేగగలదో చెప్పడానికి జాన్ స్టువర్ట్ మిల్ ఉదాహరణ చాలు. 1861లో పత్రికలో వెలువడి, 1863లో పుస్తకంగా వచ్చిన ‘యుటిలిటేరియనిజం’ అనే రచనలో ఆయన, ఒక వస్తువు కనిపించేదే అనడానికి రుజువు జనం దాన్ని చూడడమే అయినట్టు, ఒకటి ‘డిజైరబుల్’ అనడానికి, అంటే కోరదగినది అనడానికి, జనం దాన్ని నిజంగా కోరుకోవడమే ఇవ్వగలిగిన ఏకైక రుజువు అని వాదించాడు. 1903లో ‘ప్రిన్సిపియా ఎథికా’ రాసిన జి.ఇ. మూర్ ఈ వాదాన్ని తీవ్రంగా ఖండించాడు: కనిపించేది అంటే కనిపించగలిగేది, కోరదగినది అంటే కోరుకోగలిగేది కాదు, కోరుకోవడానికి అర్హమైనది; జనం చెడ్డవాటిని కూడా కోరుకుంటారు కనుక కోరిక ఉన్నంత మాత్రాన అర్హత రుజువు కాదు. మిల్ తర్కనిరూపణ చేయలేదనీ, సాక్ష్యం మాత్రమే చూపాడనీ ఆయన పక్షం వహించినవారు సమర్థించారు గాని, ఆ ప్రత్యయంలోని రెండు అర్థాలను విడదీయాలన్న మూర్ హెచ్చరిక న్యాయమైనది. కోరదగినది ఉన్న చోట మెచ్చదగినది అని పెట్టి చదివితే లాడబుల్ సంగతి కూడా అదే.

తెలుగులో ఆలోచించేవారికి ఈ తేడా చాలా వరకు భాషే చూపిస్తుంది. ‘చదవగలిగిన పుస్తకం’, ‘చదవదగిన పుస్తకం’ అనే రెండు పదబంధాలను ఏ తెలుగువాడూ కలగాపులగం చేయడు; మొదటిది అక్షరాలు స్పష్టంగా ఉన్నాయనో, భాష సులువుగా ఉందనో చెబుతుంది, రెండోది ఆ పుస్తకానికి విలువ ఉందని చెబుతుంది. మెచ్చదగిన, ఎన్నదగిన, చెప్పుకోదగ్గ వంటి మాటల్లోని ‘తగు’ అనే ధాతువు యోగ్యతను నిక్కచ్చిగా పట్టుకుంటుంది. సంస్కృతం నుంచి వచ్చిన ‘అనీయ’ ప్రత్యయంలో మాత్రం ఇంగ్లీషులో ఉన్నటువంటి సందిగ్ధత కొంత ఉంది; దర్శనీయం అంటే చూడదగినది, పానీయం అంటే తాగడానికి పనికివచ్చేది. అందువల్ల శ్లాఘనీయం అన్నప్పటికంటే మెచ్చదగినది అన్నప్పుడు లాడబుల్‌లోని అసలు భావం తెలుగు చెవికి సూటిగా తాకుతుంది.

మెప్పుకూ, మెప్పుకు తగడానికీ మధ్య గీతను అందరికంటే శ్రద్ధగా గీసినవాడు ఆడమ్ స్మిత్. అర్థశాస్త్ర పితామహుడిగానే ఎక్కువమందికి తెలిసిన ఈ స్కాట్లండ్ తత్త్వవేత్త 1759లో ‘ద థియరీ ఆఫ్ మోరల్ సెంటిమెంట్స్’ అనే నీతిశాస్త్ర గ్రంథం ప్రచురించి, జీవితాంతం దాన్ని సవరిస్తూనే ఉన్నాడు. తాను మరణించిన 1790లోనే వెలువడిన ఆరో ముద్రణలో, ప్రశంస మీద ప్రేమ, ప్రశంసార్హత మీద ప్రేమ అనే రెండింటిని విడదీసే అధ్యాయాన్ని విస్తరించి పెట్టాడు. మనిషి సహజంగా మెప్పునే కాకుండా మెప్పుకు తగినవాడిగా ఉండడాన్ని కూడా కోరుకుంటాడనీ, రెండో కోరిక మొదటిదాని నుంచి పుట్టింది కాదనీ ఆయన సిద్ధాంతం. చేయని పనికి వచ్చిన పొగడ్త వివేకవంతుడికి సంతోషం కలిగించదు. ముఖానికి రంగు పూసుకున్న స్త్రీకి తన మేనిఛాయను ఎవరైనా పొగిడితే, ఆ రంగు లేకపోతే తన ముఖం ఎలా ఉంటుందో గుర్తుకు రావాలి తప్ప గర్వం కలగకూడదని ఆయన ఒక ఉదాహరణ ఇస్తాడు. దీనికి భిన్నంగా, ఎవరూ గుర్తించని మంచిపని చేసినవాడు, విషయం తెలిస్తే జనం మెచ్చుకుని ఉండేవారే అన్న ఎరుకతో తృప్తిపడగలడు.

ఆ అధ్యాయంలో స్మిత్ కవులనూ గణితవేత్తలనూ పక్కపక్కన నిలబెట్టి చూపిన తీరు మరింత ఆలోచింపజేస్తుంది. కవిత్వంలో గొప్పతనాన్ని నిర్ధారించే కొలత అంత కచ్చితమైనది కాదు కనుక, తన రచన నిజంగా బాగుందో లేదో కవికి లోలోపల సందేహం ఉంటుంది, అందుకే అతడు పాఠకుల మాట కోసం తహతహలాడతాడు. తన ‘ఫేద్ర’ నాటకం 1677లో ఎదురుదెబ్బ తిన్నాక ఫ్రెంచి నాటకకర్త రాసీన్ రంగస్థలానికి దూరమైన సంగతిని స్మిత్ ఇందుకు గుర్తుచేస్తాడు. గణితవేత్తకు తన నిరూపణ సరైనదో కాదో తనకే తెలుసు కనుక లోకం పట్టించుకోకపోయినా నిబ్బరంగా ఉంటాడు. తాను ఎరిగిన రాబర్ట్ సిమ్సన్, మాథ్యూ స్టువర్ట్ అనే ఇద్దరు గొప్ప గణితవేత్తలు జనం నిర్లక్ష్యానికి ఏనాడూ కలత చెందలేదని ఆయన రాశాడు. యోగ్యత ఎంత అస్పష్టంగా ఉంటే మెప్పు మీద ఆకలి అంత ఎక్కువగా ఉంటుందన్న ఈ పరిశీలన రెండు వందల ఏళ్లు దాటినా పాతబడలేదు.

స్మిత్‌కు ఒకటిన్నర శతాబ్దానికి పైగా ముందే షేక్స్‌పియర్ లాడబుల్ అనే మాటను రంగస్థలం మీద ఒక స్త్రీ నోట పలికించి, అందులోని గాయాన్ని చూపించాడు. ‘మాక్బెత్’ నాలుగో అంకంలో ఫైఫ్ కోటలో మాక్డఫ్ అనే ప్రభువు భార్య పిల్లలతో ఒంటరిగా ఉంటుంది. భర్త ఇంగ్లండుకు వెళ్లిపోయాడు, ఎందుకు వెళ్లాడో ఆమెకు చెప్పలేదు. ఆపద దగ్గరపడింది, పిల్లలను తీసుకుని పారిపొమ్మని ఒక అపరిచితుడు వచ్చి హెచ్చరించి వెళ్లిపోతాడు. ఎక్కడికి పారిపోవాలి, ఎందుకు పారిపోవాలి, తాను ఎవరికీ ఏ హానీ చేయలేదే అని ఆమె మొదట అనుకుంటుంది. మరుక్షణమే తాను ఉన్నది ఎటువంటి లోకంలోనో గుర్తుకొచ్చి, ఇక్కడ కీడు చేయడాన్ని తరచూ మెచ్చుకుంటారని, మేలు చేయడాన్ని ఒక్కోసారి ప్రమాదకరమైన తెలివితక్కువతనంగా లెక్కకడతారని తలపోస్తుంది. ‘నేను ఏ తప్పూ చేయలేదు’ అనే రక్షణ తనకు పనికిరాదని తెలుసుకున్న ఆ క్షణంలోనే హంతకులు లోపలికి వస్తారు. అక్కడ ఆమె వాడిన లాడబుల్ మెప్పుకు తగినది అనే అర్థంలో లేదు, మెప్పు పొందుతున్నది అనే అర్థంలో ఉంది. రాజుగా కూర్చున్న హంతకుడు మాక్బెత్ పాలనలో యోగ్యత అనే భావమే మాటలోంచి ఊడిపోయిందని ఆ ఒక్క ప్రయోగం చెబుతుంది.

వైద్యంలో ఈ మాట చేసిన హాని మరింత వాస్తవమైనది. పాతకాలపు యూరప్ వైద్యులు శరీరంలోని ద్రవాలను మంచివి, చెడ్డవి అని విభజించి, ఆరోగ్యకరమైన వాటికి లాడబుల్ అనే విశేషణం వాడేవారు. వాటిలో బాగా ప్రసిద్ధమైనది ‘లాడబుల్ పస్’, అంటే మెచ్చదగిన చీము. గాయంలోంచి చిక్కగా, మీగడలా, పెద్దగా వాసన లేకుండా వచ్చే తెల్లటి చీమును చూస్తే గాయం మానుతోందని వారు సంతోషించేవారు; పలచగా, నెత్తురు కలిసి, దుర్వాసనతో వచ్చేదాన్ని చూస్తే ఆశ వదులుకునేవారు. ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్ పేరును ప్రమాణంగా చూపి, కొందరు మరో అడుగు ముందుకేశారు: చీము మంచిదైతే అది తప్పక పట్టాలి, పట్టకపోతే పట్టించాలి. ఆ నమ్మకంతో గాయాలను మూయనివ్వకుండా గుడ్డ వత్తులు దూర్చి, లేపనాలు కూరి, చీము కోసం ఎదురుచూశారు.

ఈ నమ్మకం పూర్తిగా గుడ్డిది కాదు, అందుకే అది అంతకాలం బతికింది. చిక్కటి చీమును ఎక్కువగా పుట్టించే స్టాఫిలోకాకస్ అనే సూక్ష్మజీవులు సాధారణంగా గాయం ఉన్న చోటనే గడ్డకట్టి నిలుస్తాయి. పలచటి స్రావాన్ని పుట్టించే స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవులు కణజాలం గుండా వేగంగా పాకి నెత్తురును విషపూరితం చేస్తాయి. కనుక చిక్కటి చీము పట్టిన రోగులు రెండో రకం రోగులకంటే ఎక్కువగా బతికి బయటపడేవారు. వైద్యులు చూసిన తేడా నిజమైనదే, దానికి వారు ఇచ్చిన పేరే తప్పుదారి పట్టించింది. రెండు కీడుల్లో చిన్నదాన్ని తక్కువ చెడ్డది అని పిలిచి ఉంటే, అసలు చీమే లేకుండా గాయం మానే దారి ఏదైనా ఉందా అని ఎవరో ఒకరు వెతికేవారు. మెచ్చదగినది అని పిలిచేసరికి ఆ వెతుకులాటకు అవసరమే లేకుండా పోయింది. ఇటలీలో తియొదోరికో బొర్గొన్యోని, ఫ్రాన్సులో రాజవైద్యుడు ఆంరీ ద మాందవిల్ 13వ, 14వ శతాబ్దాల్లోనే చీము అవసరం లేదని, గాయాన్ని ద్రాక్షసారాతో కడిగి శుభ్రంగా మూసేస్తే చాలని గట్టిగా వాదించారు, కానీ పాత పలుకుబడి ముందు వారి మాట నిలవలేదు.

చివరికి 1865 ఆగస్టులో గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీలో, బండిచక్రం ఎక్కి కాలి ఎముక చర్మం చీల్చుకుని విరిగిన 11 ఏళ్ల బాలుడి గాయానికి శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డ కట్టాడు. నాలుగు రోజుల తరువాత విప్పి చూస్తే చీము జాడ లేదు. ఆరు వారాల్లో ఎముక అతుక్కుంది. సూక్ష్మజీవుల మీద పాశ్చర్ చేసిన పరిశోధనల ఆధారంగా తాను రూపొందించిన ఈ చికిత్సా పద్ధతిని లిస్టర్ 1867లో ‘లాన్సెట్’ పత్రికలో వివరించాక, 1880ల తొలినాళ్లలో స్కాట్లండ్ శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ చీములోని సూక్ష్మజీవులను గుర్తించి స్టాఫిలోకాకస్ అని పేరు పెట్టాక, మెచ్చదగిన చీము అనే పదబంధం వైద్యశాస్త్రం నుంచి నిష్క్రమించింది. ఒక విశేషణం అన్ని శతాబ్దాల పాటు ప్రశ్నను ఆపివేయగలిగిందన్నది వైద్య విద్యార్థులే కాకుండా మాటలతో పనిచేసే ప్రతివారూ తెలుసుకోవలసిన విషయం.

నేటి ఇంగ్లీషులో లాడబుల్ ఎక్కువగా జతకట్టేది ఆశయం, లక్ష్యం, ఉద్దేశం, ప్రయత్నం వంటి నామవాచకాలతో. మనుషులకు దీన్ని నేరుగా తగిలించడం అరుదు. ఒక ఉపాధ్యాయురాలి కృషిని లాడబుల్ అంటారు గాని ఉపాధ్యాయురాలినే లాడబుల్ అంటే వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. వస్తువులకూ, రుచులకూ, అందానికీ ఇది అతకదు. వంట ఎంత బాగున్నా దాన్ని లాడబుల్ అనరు, కానీ వరద బాధితుల కోసం రాత్రంతా వంట చేయడాన్ని అంటారు. అంటే దీని వెనుక సంకల్పంతో చేసిన పని ఒకటి ఉండాలి. ప్రశంస, నింద అనేవి ఇష్టపూర్వకంగా చేసిన పనులకే వర్తిస్తాయని అరిస్టాటిల్ ‘నికొమాకియన్ ఎథిక్స్’ మూడో భాగంలో చెప్పిన సూత్రం నేటి వాడుకలో ఈ విధంగా బతికే ఉంది.

ఫలితాన్ని కాకుండా ఉద్దేశాన్ని మెచ్చుకునే మాట కావడం వల్ల, లాడబుల్ వెనకే ‘బట్’ అనే మాట వచ్చే సందర్భాలు చాలా ఎక్కువ. ఆశయం లాడబులే, కానీ అమలు సరిగ్గా లేదు. ప్రయత్నం లాడబులే, కానీ పుస్తకం చదివించదు. తెలుగు సమీక్షల్లోనూ సంపాదకీయాల్లోనూ దీనికి అచ్చంగా సమానమైన నడక ఉంది: ‘ప్రభుత్వ సంకల్పం అభినందనీయమే’ అని చదవగానే, చివరనున్న ఏకారం వల్లే పాఠకుడికి తరువాతి వాక్యం ‘అయితే’తో మొదలవుతుందని తెలిసిపోతుంది. ఏకారం తీసేసి ‘అభినందనీయం’ అంటే అది నిండు ప్రశంస, ఏకారం చేరిస్తే అది అభ్యంతరానికి పీఠిక. ఈ నడకను షేక్స్‌పియర్ ‘హామ్లెట్’ మొదటి అంకంలో క్లాడియస్ చేత నడిపించాడు, అయితే అక్కడ వాడినది లాడబుల్‌కు దగ్గరి చుట్టమైన ‘కమెండబుల్’. తండ్రి కోసం నల్లబట్టల్లో దుఃఖిస్తున్న హామ్లెట్‌తో, అది నీ స్వభావానికి తగిన మెచ్చదగిన పనే అంటూ మొదలుపెట్టి, ఆ వెంటనే, తండ్రులు పోవడం లోకసహజం, ఇంకా ఏడవడం మొండితనం, దైవద్రోహం, మగతనానికి తగని పని అని మందలిస్తాడు ఆ రాజు. చనిపోయినవాడు అతని అన్న, చంపినవాడు అతనే. దుఃఖాన్ని మెచ్చుకునే అధికారం ఎవరికి అసలే లేదో, అతడే మెప్పును కొలిచి ఇస్తున్నాడు.

ఈ సన్నివేశం లాడబుల్ వంటి మాటల మరో లక్షణాన్ని కూడా బయటపెడుతుంది. మెచ్చదగినది అని తీర్పు చెప్పేవాడు కొలిచే స్థానంలో నిలబడతాడు. శభాష్ అని గురువు శిష్యుడితో అంటాడు గాని శిష్యుడు గురువుతో అనడు; లాడబుల్‌కూ ఆ పై నుంచి కిందికి చూసే చూపు కొంత ఉంది. అత్యున్నతమైనవాటిని పొగడము, గౌరవిస్తాము అని అరిస్టాటిల్ అంటే, పరువు ప్రతిష్ఠల మీద మక్కువతో చేసిన పని లోకహితానికి తోడ్పడితే దానికి ప్రశంస, ప్రోత్సాహం దక్కాలి గాని గౌరవం దక్కనక్కరలేదని కాంట్ 1785లో రాశాడు. ఇద్దరి లెక్కలోనూ ప్రశంస గౌరవం కంటే ఒక మెట్టు కిందిదే.

న్యాయస్థానాలు ఈ మాటను వాడే తీరు వీటన్నిటిలో ఆరోగ్యకరమైనదని చెప్పాలి. చట్టం వెనుక ఉన్న ఆశయం లాడబుల్ అయినంత మాత్రాన చట్టం రాజ్యాంగబద్ధం కాదన్న ఆలోచన మన తీర్పుల్లో తరచూ వినిపిస్తుంది. 42వ రాజ్యాంగ సవరణలోని కొన్ని భాగాలను కొట్టివేసిన 1980 నాటి మినర్వా మిల్స్ తీర్పులో సుప్రీంకోర్టు, ఆదేశిక సూత్రాల్లోని సాంఘిక న్యాయ లక్ష్యాలను ప్రాథమిక హక్కులను ధ్వంసం చేయకుండానే సాధించాలని స్పష్టం చేసింది. ఇక్కడ ‘కానీ’ అనేది ప్రశంసను నీరుగార్చే మర్యాద మాట కాదు. ఉద్దేశానికి ఇవ్వవలసిన విలువను ఉద్దేశానికి ఇచ్చి, మార్గాన్ని విడిగా పరీక్షించే క్రమశిక్షణ.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది లాడబుల్, ‘లాడెటరీ’ అనే జంట దగ్గర. లాడబుల్ అంటే ప్రశంసకు తగినది, లాడెటరీ అంటే ప్రశంసతో నిండినది. అయోగ్యుడైన బంధువుకు ఉద్యోగం కోసం ఒక అధికారి ఆకాశానికెత్తుతూ సిఫార్సు ఉత్తరం రాస్తే, ఆ ఉత్తరం లాడెటరీ, ఆ పని మాత్రం ఏ కోశానా లాడబుల్ కాదు. ట్రేడ్‌మార్క్ చట్టంలో ఈ రెండో మాటకు ప్రత్యేక స్థానం ఉంది. ఇంగ్లండులో ఒక సబ్బుల సంస్థ ‘పర్ఫెక్షన్’ అనే మాటను తమ సొంత గుర్తుగా నమోదు చేయమని కోరగా, 1909లో అప్పీలు న్యాయస్థానం నిరాకరించింది. సరుకును పొగిడే మాటలు వ్యాపారులందరి ఉమ్మడి సొత్తు, వాటికి ఒక్కరు కంచె వేసుకోకూడదన్నది అందులోని తర్కం. సరుకు నాణ్యతను మాత్రమే తెలిపే గుర్తులను సాధారణంగా నమోదు చేయకూడదన్న నియమం మన 1999 నాటి ట్రేడ్‌మార్క్‌ల చట్టంలోనూ ఉంది.

మిగిలిన దగ్గరి మాటల్లో కమెండబుల్ లాడబుల్‌కంటే తేలికైనది, రోజువారీది. అప్పగించడం, ఒకరి సంరక్షణకు ఒప్పజెప్పడం అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి వచ్చింది కనుక సిఫార్సు అనే ఛాయ దానిలో ఉంది. ‘క్రెడిటబుల్’ పరువు నిలబెట్టుకునే స్థాయిని చెబుతుంది. ఓడినా గట్టిగా పోరాడిన జట్టుకు అది సరిపోతుంది, గెలిచిన జట్టుకు వాడితే చిన్నబుచ్చినట్టవుతుంది. ‘మెరిటోరియస్’ సంపాదించుకున్న అర్హతను చెప్పే మాట, అందుకే అది పోలీసు పతకాల పేర్లలో చోటు చేసుకుంది.

లాడబుల్‌కు వ్యతిరేకపదం వెతికినవారికి పాత కావ్యాల్లో ‘ఇల్లాడబుల్’ దొరుకుతుంది. దీని వెనుక ఒక ప్రాచీన చర్చ ఉంది. తన ‘జార్జిక్స్’ కావ్యంలో వర్జిల్, అతిథులను బలి ఇచ్చిన ఈజిప్టు రాజు బుసీరిస్‌ను ‘ఇల్లౌదాతుస్’ అన్నాడు, అంటే ప్రశంస పొందనివాడు. అంతటి క్రూరుడికి ఇంత మెత్తటి విశేషణమా అని కొందరు పండితులు ఆక్షేపించగా, 2వ శతాబ్దానికి చెందిన ఔలుస్ గెల్లియుస్ రెండు సమాధానాలు చెప్పాడు. ఎంత చెడ్డవాడిలోనైనా మెచ్చదగినది ఏదో ఒకటి ఉంటుంది, అది కూడా లేనివాడు చెడుకు పరాకాష్ఠ అన్నది మొదటిది. పాత లాటిన్‌లో లౌదారే అంటే పేరెత్తడం అనే అర్థం కూడా ఉంది కనుక, ఆ మాటకు పేరెత్తడానికే తగనివాడు అని అర్థం చెప్పుకోవచ్చన్నది రెండోది. 1667లో ‘పారడైస్ లాస్ట్’ రాసిన మిల్టన్ ఆరో సర్గలో, సత్యానికీ న్యాయానికీ దూరమైన బలానికి ఈ విశేషణాన్నే వాడి, తిరుగుబాటు చేసిన దేవదూతలు ఎంత పరాక్రమం చూపినా వారి పేర్లు చెప్పనని దేవదూత రఫాయేలు చేత పలికించాడు. ఆ తరువాతి కాలంలో ఇల్లాడబుల్ వాడుక నుంచి దాదాపుగా తప్పుకుంది. దాని పనిని ఇప్పుడు నిందనీయం అనే అర్థమున్న ‘రెప్రెహెన్సిబుల్’, శోచనీయం అనే అర్థమున్న ‘డిప్లోరబుల్’ పంచుకుని చేస్తున్నాయి.